ఉడతలకూ ఓ డ్రిప్పర్

2004 జనవరిలో నన్ను పాకాలకు ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. మా శాఖలో అది కింది మెట్టు. పైనుంచి వచ్చే ఉత్తర్వులన్నీ అక్కడికొచ్చి ఆగుతాయి, రైతుల తిట్లన్నీ అక్కడే మొదలవుతాయి. ఆ ఏడాది ఉత్తర్వు ఒక్కటే: బిందుసేద్యం.

చెట్ల వరుసల వెంట లేటరళ్లనే సన్నటి నల్ల పైపులు పరుస్తాం. మొక్క మొక్క దగ్గర వాటికి ఒక డ్రిప్పర్ గుచ్చుతాం. గంటకు నాలుగు లీటర్లు, బొట్టు బొట్టుగా, వేరు దగ్గరే పడతాయి. కాలువ అక్కర్లేదు, మడి తడపక్కర్లేదు. వానలు మొహం చాటేసి బోర్లు ఎండుతున్న ఆ రోజుల్లో ఇంతకన్నా తెలివైన పని లేదని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

మునిరత్నానికి రెండెకరాల మామిడి మొక్కలు, వాటి నడుమ టమోటా ఉండేవి. మూడు బోర్లు వేయిస్తే ఒకదాంట్లోనే నీళ్లు పడ్డాయి, అవీ ఇంచిన్నర ధారే. పైపులు చూసి పెదవి విరిచాడు.

“మడి తడవకుండా సెట్టు ఎట్ల బతుకుతాది సార్? జరమొచ్చినోడి నోట్లో సుక్కలేసినట్టు ఉండాది.”

నాలుగుసార్లు తిరిగాక ఒప్పుకున్నాడు. ఆ ఉత్సాహంలో అతని తోటనే ప్రదర్శన క్షేత్రంగా రాసి పంపాను. అంటే పై అధికారులూ చుట్టుపక్కల రైతులూ వచ్చి చూసే తోట అన్నమాట. ఏప్రిల్‌లో సహాయ సంచాలకులు వస్తారని కబురందింది.

మార్చిలో ఒక ఉదయం మునిరత్నం మూరెడు పైపు ముక్క పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

“మీ పైపు పిల్లనగ్రోవి అయిపోయినాది సార్. మోటారేస్తే తోటంతా చిమ్ముతా ఉండాది. కడా వరసకు సుక్క పోలేదు.”

వెళ్లి చూస్తే అవి ఉడత పళ్ల గాట్లు. అతుకులు వేయించాను. మర్నాటికి కొత్త చిల్లులు. చివరి వరసల టమోటా వాడిపోతోంది. ఇంకో వారం చూసి, పైపులు పీకేసి మళ్లీ కాలువ తీసుకుంటానన్నాడు మునిరత్నం. అతన్ని తప్పుపట్టలేను, పంట అతనిది. కానీ అదే జరిగితే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ నన్ను డ్రిప్పు మాట ఎత్తనివ్వరు.

మా పుస్తకాల్లో దీనికి విరుగుడు ఉంది: నూకల్లో నూనె, ఎలుకల మందు కలిపి ఎర పెట్టడం. పొట్లం తీసుకుని వెళ్లాను. అప్పటిదాకా మజ్జిగ తాగమనడం తప్ప నాతో పెద్దగా మాట్లాడని అతని భార్య చెంగమ్మ అడ్డంగా నిలబడింది.

“టమోటాలు ఒక్కటీ కొరకలేదు సార్. కొరికేదంతా పైపునే, అదీ ఎండెక్కినాకనే. ఎందుకో సూసినారా?”

చూడలేదు.

“కాలువ పారేటప్పుడు గోరింకలు, ఉడతలు అన్నీ ఆడ తాగుతా ఉండె. మీరొచ్చి కాలువ మూసేసినారు. పైపులో నీళ్లుండాయని వాటికి తెలుస్తాది. దప్పికైతే ఏం సేస్తాయి? నీళ్లకొచ్చిన వాటికి మందు పెట్టేది లేదు.”

తోట ఒక మూల ఒక డ్రిప్పర్ కింద ఆమె రెండు రోజుల ముందే పగిలిన కుండ అడుగుభాగం పాతిపెట్టింది. అక్కణ్ణుంచి పైపు వెంట వంగి నడుస్తూ చూశాను. పది పన్నెండు అడుగుల దూరం దాకా ఒక్క కొత్త చిల్లు లేదు. పొట్లం స్కూటర్ డిక్కీలో పెట్టేశాను. ఆ సాయంత్రమే ముగ్గురం కలిసి ఎనిమిది చోట్ల మూకుళ్లలాంటి మట్టి సట్టెలు పాతి, ఒక్కోదాని పైన పైపుకు ఒక్కో డ్రిప్పర్ గుచ్చాం.

“మొక్కలకే సాలకుంటే ఉడతలకు డ్రిప్పా!” అని మునిరత్నం గొణుగుతూనే గుంతలు తవ్వాడు.

వారం తిరిగేసరికి చిల్లులు రోజుకు ఒకటీ రెండుకు దిగాయి. పూర్తిగా ఆగలేదు. ఒక ఉడత మాత్రం సట్టె పక్కనే కూర్చుని పైపే కొరుకుతోందని మునిరత్నం ఒట్టేసి చెప్పేవాడు. అయినా చివరి వరస తేరుకుంది.

సహాయ సంచాలకులు వచ్చారు. తోటలో పైపుల పటం చేతబట్టుకుని డ్రిప్పర్లు లెక్కపెడుతూ ఒక సట్టె దగ్గర ఆగారు.

“ఇక్కడ మొక్కేదయ్యా?”

నేను గొంతు సవరించుకునేలోపే మునిరత్నం అందుకున్నాడు. “ఉడత సార్. మేం నాటలేదు, అదే వచ్చినాది.”

వెంట వచ్చిన రైతులు గొల్లుమన్నారు. ఆయన మాత్రం నవ్వకుండా, సట్టె నిండాక నీళ్లెటు పోతాయని అడిగారు. పక్క మొక్క వేళ్లకే పోతాయన్నాను. నివేదిక ఫారంలో మొక్కల డ్రిప్పర్లకు ఒక గడి, వృథాకు ఒక గడి ఉండేవి. ఈ ఎనిమిదింటినీ ఎందులో రాయమంటారని అడిగితే, “మొక్కల్లోనే రాయి” అన్నారు. ఆ రోజే ముగ్గురు రైతులు డ్రిప్పు కోసం దరఖాస్తులు నింపారు.

కాలువలో వృథా అవుతున్నాయని మేం లెక్కగట్టిన నీళ్లను అన్నాళ్లూ ఎవరో ఒకరు తాగుతూనే ఉన్నారు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఏ తోటకు డ్రిప్పు పటం గీయబోయినా ముందు రైతును ఆ సంగతే అడిగేవాణ్ణి: ఈ కాలువలో ఇప్పుడు ఏవేవి నీళ్లు తాగుతున్నాయి? జవాబు కోసం చాలామంది ఇంటివైపు తిరిగి భార్యను పిలిచేవారు.