నడవనివాళ్ల జాబితా

ఆ ల్యాబు టెక్నీషియన్ సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదని పేరు. ఇరవై ఆరేళ్లలో ఒక్క రక్తం గొట్టం మీద కూడా తప్పు నంబరు అంటించలేదని తెగ గొప్పలు పోయేవాడు. అంత జాగ్రత్త మనిషీ సొంత పెళ్లాం విషయంలోనే బోల్తా పడ్డాడు.

పెద్ద డాక్టరుగారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. మనం పీల్చే ఆక్సిజన్ ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు కొన్ని దుడుకు పదార్థాలు పుడతాయట. అవి మితిమీరితే ఒంటిని లోపల్నుంచి దెబ్బతీసి ముసలితనాన్ని తొందరపెడతాయట. వ్యాయామం చేసినప్పుడు కాసేపు అవి పెరిగినా, రోజూ చేస్తుంటే వాటికి విరుగుడు తయారుచేసుకోవడం ఒళ్లే నేర్చుకుంటుందట. అది తేల్చాలంటే అరవై దాటినవాళ్లు నలభై మంది కావాలి. సగం మంది రోజూ నడవాలి. నడక అలవాటే లేని మిగతా సగం ఎప్పటిలాగే ఉండాలి.

ఈ రెండో జాబితాలో ఒకరు తగ్గారు. డాక్టరుగారు రుసరుసలాడుతుంటే మనవాడు ఉండబట్టలేక భార్య పేరు రాసేశాడు. నడక అలవాటు: లేదు. ఆవిడేమో తెల్లారేసరికి రెండు మైళ్లు చుట్టొచ్చే మనిషి!

"మా పరీక్ష కోసం నాలుగు నెలలు నడక మానెయ్యి, అంతే," అన్నాడు ఇంటికెళ్లి, తగుదునమ్మా అని. ఆవిడ మారుమాట్లాడకుండా మానేసింది.

గడువు అయ్యాక ఆవిడ రక్తం తనే తీశాడు. మర్నాడు కాగితం వచ్చింది. హాని చూపే అంకె పైకి పోయింది, విరుగుడు చూపే అంకె పడిపోయింది. "చూశావా, అనుకున్నట్టే వచ్చింది!" అని డాక్టరుగారు భుజం తట్టారు. ఆ మెచ్చుకోలు భరించలేక నిజం కక్కేశాడు. ఆయన నానా చీవాట్లూ పెట్టి జాబితాలోంచి ఆవిడ పేరు కొట్టేశారు. చీవాట్లదేముంది, దులిపేసుకోవచ్చు. ఇంట్లో మొహం ఎలా చూపించాలి?

ఆ సాయంత్రం ఆవిడ కూరల సంచీ పక్కన పెట్టుకుని, మేడ మెట్ల మధ్యలో కూర్చుని ఆయాసపడుతోంది.

"వయసైపోయిందండీ," అంది నవ్వబోతూ.

"వయసు కాదే. నేనే చేశాను." పక్కనే కూలబడి జాబితా సంగతంతా చెప్పాడు. "రేపట్నుంచి మళ్లీ నడువు. నెమ్మదిగా సర్దుకుంటుంది," అన్నాడు గానీ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

ఆవిడ కూరల సంచీ ఒళ్లోకి లాక్కుంది.

"నిన్న రక్తం ఇచ్చేశాను కదా అని ఇవాళే కిందికి దిగాను," అంది. "ఈ నాలుగు నెలలూ కుర్చీలోంచి లేవాలన్నా, మీ పరీక్ష ఎక్కడ చెడుతుందోనని భయపడేదాన్ని."