దేవసహాయం సార్ కొట్టెయ్యమన్న మూడేళ్లు

మంగళవారం ఉదయం ఆఫీసుకు వెళ్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఉండగా సుగుణమ్మ గారు ఫోన్ చేశారు. తన భర్త, నా గురువర్యులు దేవసహాయం సార్ ప్రభువునందు నిద్రించారన్నారు. నిశ్చేష్టురాలినయ్యాను. ఆఫీసు దాటిపోయినా దిగాలన్న స్పృహ లేదు. అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు.

అమీర్‌పేట మైత్రీవనంలోని ఒక శిక్షణ సంస్థలో సుదీర్ఘకాలం ప్రోగ్రామింగ్ బోధించిన ఆచార్యుడాయన. కంప్యూటర్ భాషలంటే అపారమైన వ్యామోహం. "జావాల నమస్తే చెప్పాలన్నా ముందుగాల దరఖాస్తు పెట్టుకోవాలె. పైథాన్ మా అత్తమ్మ లెక్క, లైను కూసున్న జాగ జర జరిగినా ఊకోదు. సి అయితే పక్కింటి తాళంచెవి సుత చేతుల పెడ్తది, కేసు మాత్రం నీ మీదనే!" అనేవారు. నవ్వు ఆగేలోపు పాఠం బోధపడేది.

ఒకనాడు బోర్డు మీద ఆయన రాసిన ప్రోగ్రాం ఎంతకూ నడవలేదు. వెనుక బెంచీలోని ఒక విద్యార్థిని తప్పు చూపింది. సార్ మార్కర్ ఆమె చేతికిచ్చి, ఆమె స్థానంలో కూర్చొని, క్లాసు అయ్యేదాకా నోట్సు రాసుకున్నారు.

నాది బోరబండ. తాపీపని చేసే నాన్న కడుతున్న భవనం మీద నుంచి పడి మంచం పట్టారు. కోర్సు ముగిసి ఏడాదైనా నాకు ఉద్యోగం రాలేదు. మా శిక్షణ సంస్థవారే నా బయోడేటాలో లేని మూడేళ్ల అనుభవం చేర్చి ఇచ్చారు. సార్ అది చూశారు.

"గీ మూడేండ్లు యాడ పని చేసినవ్ బిడ్డా?"

"చెయ్యలే సార్. మా నాయిన మంచంల ఉన్నడు. ఇంట్ల ఇంకెవరు సంపాదించాలె?"

"నాకెరుకే. గని అవి కొట్టెయ్. నీకు నౌకరి వచ్చేదాంక రోజూ నీతోని కూసుంటా."

"మీకేంది సార్, నెలనెలా జీతమొస్తది!" అని కాగితం లాక్కొని వచ్చేశాను.

మరునాడు ఆయన మా సంస్థ యజమానిని నిలదీశారు. "పిల్లలకు పని నేర్పుతా, అబద్ధం నేర్ప" అన్నందుకు సాయంత్రానికల్లా ఆయన ఉద్యోగం పోయింది. నేను మాత్రం ఆ కాగితంతోనే ఉద్యోగంలో చేరాను.

రెండేళ్ల తర్వాత శ్రీనగర్ కాలనీలోని వారి ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పి ఏడ్చాను. సార్ కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

"ఇప్పుడు పనొస్తదా?"

"వస్తది సార్."

"మరి ఆఫీసోళ్లకు ఎప్పుడు చెప్తవ్?"

ఆయన రెట్టించలేదు. అప్పుడే నేర్చుకుంటున్న రస్ట్ అనే భాష గురించి ఉత్సాహంగా మొదలుపెట్టారు: "దీనికి మస్తు అనుమానం! ఎవరి సామాను ఎవరి దగ్గరున్నదో చెప్పందే అడుగు కదలనియ్యది."

సమాధి వద్ద శిష్యులెందరో ఆయన సత్యనిష్ఠను కొనియాడారు. నా వంతు వచ్చేసరికి అక్కడ నిలబడలేక వెనుదిరిగాను.

నిన్న ఉదయం మా మేనేజర్ గదికి వెళ్లి అంతా చెప్పేశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సోమవారం తెలుస్తుంది. భయం లేదనను. గురువర్యా, మీ పాదాలకు నా ఆలస్యపు అంజలి. తీర్పు ఏదైనా, ముందుగా మీకే చెప్పుకోవాలనిపిస్తోంది. మీరు లేరు.