ఆ గుర్రాలకు నీళ్లు యాడివి?

పోయిన వారం పొద్దున్నే కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. పుంగనూరు హైస్కూల్లో మాకు సోషల్ చెప్పిన టీచరమ్మ పోయారు. "నిద్రలోనే పోయిందక్కా, కష్టపడలేదు," అంది ఆమె కూతురు. ఆయాసంతో ఆమె నడుం వాల్చలేక ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. అందుకే కన్నీళ్లకంటే ముందు మనసు తేలికపడింది.

ఏ రాజు పాఠమైనా సరే, ఆమె ముందు బోర్డు మీద కొండలు గీసేవారు, పక్కన పారే ఒక వంక. "రాజు తర్వాత వస్తాడులే. ఆ యేడు వాన పడిందా లేదా, అది సూడండి ముందు," అనేవారు.

పెళ్లై మదనపల్లెకు వచ్చాక నేను పిల్లల కోసం పాళెగాళ్ల కాలం నాటి నవల ఒకటి రాశాను. కోట, గుర్రాలు, కత్తి పట్టి సైన్యాన్ని ఎదిరించే ఓ పల్లెటూరి పిల్ల. చదవమని ఆమెకు ఇచ్చాను. చదివి ఫోన్ చేశారు.

"బాగుండాది గానమ్మా, ఇన్ని గుర్రాలు వచ్చినాయే మన సోమల కొండల్లోకి, వాటికి నీళ్లు యాడివి?"

ఆ ఆదివారం ఆమే నన్ను సోమల బస్సు ఎక్కించారు. అప్పటికింకా కొండ ఎక్కగలిగేవారు. ఎండలో బండల మధ్య నడిపించి, రాతి సందులో ఊరుతున్న సన్నటి ఊట చూపించారు. దోసెడు నీళ్లు నిండేదాకా ఇద్దరం కాచుకుని కూర్చున్నాం.

"ఊరంతటికీ ఈ నీళ్లే అనుకో. సిపాయిలు వచ్చి నీ కథలో పిల్ల నాయన్ని పట్టుకున్నారు, ఊట సూపించమని. సూపిస్తే ఊరికి లేకుండా పోతాది. సూపించకపోతే నాయన తిరిగి రాడు. ఊట యాడుందో ఆ పిల్లకూ తెలుసు. ఇప్పుడు సెప్పు, కత్తి ఏం పనికొస్తాది?"

కథకు గొడవ ఎక్కడినుంచి తేవాలా అని అన్నాళ్లూ వెతికాను. అది ఆ బండల్లోనే ఉంది. ఇంటికొచ్చి మొదటి పేజీ నుంచి మళ్లీ రాశాను.

ఈలోగా టీచరమ్మ జబ్బు ముదిరింది. కూతురు ఆమెను కుప్పం తీసుకెళ్లింది. నేను పలమనేరులో బస్సు మారి వెళ్లి, రాసినంత వరకు చదివి వినిపించేదాన్ని. చివర్లో నాయన తిరిగి రాడని రాశాను. అది విని ఆమె అన్నారు:

"నిజమే, శానామంది రాలేదు. అయితే ఇది సదివేది పిల్లోళ్లు. ఎంత నష్టమైనా సూపించు, దాయొద్దు. సేయి పట్టుకునేదానికి ఒక మనిషిని మాత్రం మిగిలించు తల్లీ."

వెళ్లిన ప్రతిసారీ ఆమె గొంతు ఇంకా సన్నబడేది. ముగింపు ఆమెకు వినిపించగలనో లేదోనని భయపడుతూనే రాశాను.

వినిపించాను. పిల్ల తనే సిపాయిలను ఊట దగ్గరికి తీసుకెళ్తుంది. "ఇదే. కూర్చోండప్పా, నిండుతాది," అంటుంది. దప్పికతో ఉన్న గుర్రాలు దోసెడు నీళ్ల కోసం ఆగలేవు. ఊరి ఆవులను తోలుకుని, నాయన్ని వదిలేసి, సైన్యం ఏటి దారి పడుతుంది.

"అమ్మయ్య! ఇల్లు సేరినాడా," అన్నారు టీచరమ్మ. దిండుకు ఆనుకుని కూర్చునే, కళ్లద్దాలతోనే నిద్రపోయారు. కూతురు వచ్చి మెల్లగా అద్దాలు తీసింది. ముక్కుకు అటూ ఇటూ రెండు ఎర్రటి గుర్తులు కాసేపు అలాగే ఉండిపోయాయి.