రివర్సు మాత్రమే మిగిలిన కారు

పలాసలో హైవే పక్కన నాకు షెడ్డు ఉన్న రోజుల్లో, ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాకా నేను విప్పని గేరుబాక్సు లేదని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంకా పెద్దగా చెప్పుకోవచ్చు, కాదనగలిగిన వాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. కానీ రాస్తున్నది కాగితం మీద కనుక కొంచెం తగ్గించుకుంటాను. నాకు తెలిసినవి లారీలు, జీపులు, ట్రాక్టర్లు. అవి కూడా టెక్కలి అవతలి నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చినవి తక్కువే. క్లచ్చి లేని కారు ఒకటుంటుందని, తొంభైల చివర్లో మా బావ దాన్ని తెచ్చేదాకా, వినడమే తప్ప నేను చూడలేదు.

బావ అంటే మా చెల్లెలి భర్త. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా వాళ్ళకి కొబ్బరీ జీడీ తోటలుండేవి. పసితనంలో వచ్చిన పోలియో వల్ల ఆయన ఎడమ కాలు ఎదగలేదు. బడికి పాలేరు భుజాల మీద వెళ్ళాడు. బస్సెక్కాలంటే కండక్టరు చంకల కింద చేతులు పెట్టి పైకి లాగేవాడు. పెళ్ళిపీటల మీదకి కూడా నలుగురు ఎత్తి కూర్చోబెట్టారు, అందులో నేనూ ఒక చెయ్యి వేశాను. ఎత్తుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. దించాక నా చెవిలో మాత్రం, "కొబ్బరి బస్తాని దించినట్టు దించేరు బావా" అన్నాడు.

విశాఖలో ఓడల కంపెనీ ఆఫీసరు ఎవరో వాడి వదిలేసిన పాత విదేశీ కారు ఉందని, దానికి కుడి కాలొక్కటే చాలని ఆయనకి ఎవరో చెప్పారు. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని తెలుసు. వెళ్ళి అక్కడే ఉండి, ఖాళీ మైదానంలో నేర్చుకుని, ఒక మధ్యాహ్నం నేరుగా నా షెడ్డు ముందుకు తెచ్చి హారను కొట్టాడు. పక్క సీట్లో ఉన్న విశాఖ డ్రైవరు చేతులు కట్టుకుని నిద్రపోతున్నాడు.

"ఏటి బావా, అలగ సూత్తన్నావు? ఎక్కు. నువ్వే నడుపు."

నేను ఎక్కాను. ఎక్కి కిందకి వంగాను.

"కాళ్ళ కాడ ఏటి ఎతుకుతున్నావు?"

"క్లచ్చి."

"నేదు."

"నేకపోతే గేరెలగ మారద్ది?"

"దానికదే మారద్ది. నీలాటోళ్ళతో పన్నేదు."

ఆ రోజు కారుని చూడ్డానికి పలాస సగం నా షెడ్డు ముందుకు వచ్చిందని చాలామందికి చెప్పాను. నిజానికి వచ్చింది ఎదురు టీ కొట్టువాడూ, వాడి దగ్గర టీ తాగుతున్న ఇద్దరు లారీ క్లీనర్లూ.

కొన్ని నెలలకి కారు మొరాయించడం మొదలుపెట్టింది. గేరు పుల్లని ముందుకు పోయే చోట పెడితే వెంటనే కదలదు. ఆలోచించుకున్నట్టు కాసేపాగి, తర్వాత ఒక్క కుదుపుతో బయల్దేరుతుంది. నేను లారీకి చూసినట్టే ఇంజను ఆపేసి, అంతా చల్లారనిచ్చి, గేరాయిల్ కొలపుల్ల బయటికి తీసి చూశాను. తక్కువుందనిపించింది. పోశాను. అయినా అనుమానం తీరక ఇంకొంచెం పోశాను. మర్నాడు ఇంజను గోలపెడుతోంది, చక్రాలు మాత్రం తిరగడం లేదు. ఆయిలంతా గిలక్కొట్టిన మజ్జిగలా నురగకట్టింది.

ఆ లోపం నేను విదేశీ పుస్తకం తెప్పించి చదివి కనిపెట్టానని తర్వాతెప్పుడో టెక్కలిలో ఒక పెళ్ళిలో చెప్పాను. పుస్తకం లేదు, ఏమీ లేదు. ఎస్టీడీ బూతులో నిలబడి, విశాఖలో అంతకు ముందు ఆ కారు చూసిన మెకానిక్కుకి ఫోన్ చేస్తే ఆయన నవ్వీ నవ్వీ చెప్పాడు. ఈ బండికి ఇంజను నడుస్తుండగా, వేడి మీదుండగా ఆయిల్ చూడాలి, ఎక్కువైతే నురగొస్తుంది, నురగ గేరుని పట్టలేదు అన్నాడు. ఎక్కువైంది తీసేశాను. కారు కదిలింది.

ఆ కారు గేరాయిల్ ఎర్రగా ఉంటుంది. అప్పట్నించీ దాన్ని చూసుకోవడం బావ తన చేతుల్లోకి తీసుకున్నాడు. బానెట్టు మీదకి ఒరిగి, కొలపుల్లని తెల్లగుడ్డతో తుడిచి, రంగు చూసి, వాసన చూసి, చంటిపిల్లకి ఒళ్ళు తుడిచినంత జాగ్రత్తగా మళ్ళీ లోపల పెట్టేవాడు. "ఇంట్లో తువ్వాళ్ళన్నీ ఎర్రగయిపోనాయి అన్నియ్యా, పెళ్ళాన్నైనా ఇంత బాగా సూసుకున్నాడు కాదు" అని మా చెల్లెలు నా దగ్గర తీర్పు అడిగేది. "పెళ్ళాం అలగ ఆగిపోదు కదా" అనేవాడు బావ.

తర్వాత ఆయన కాళ్ళు రెండూ వాచాయి. ముందు కుడి కాలే అనుకున్నాం, ఎడమ కాలిని ఎవరం చూసుకుంటాం గనక. ఉద్దానంలో అప్పటికే వీధికొకరు ఇలా కాళ్ళు వాచే జబ్బుతో ఉన్నారు. నీళ్ళ వల్ల అనేవాళ్ళు కొందరు, ఎండ వల్ల అనేవాళ్ళు కొందరు, ఎందుకో తెలియదని డాక్టర్లు. టెక్కలిలో రక్తం చూసిన డాక్టరు విశాఖ పంపాడు. అక్కడ కిడ్నీలు పనిచెయ్యడం లేదన్నారు. వారంలో రెండుసార్లు వచ్చి రక్తం శుభ్రం చేయించుకోవాలన్నారు.

అలా మొదలైంది. తెల్లవారగానే బావ ఊళ్ళోంచి తనే కారు నడుపుకుంటూ పలాస వచ్చేవాడు, పక్కన మా చెల్లెలు. కారు నా షెడ్డులో పెట్టేవాళ్ళు. అక్కణ్ణుంచి స్టేషను, స్టేషను నుంచి రైలు. మర్నాడు తిరిగొచ్చి, ముఖం పాలిపోయి ఉన్నా సరే, మళ్ళీ తనే నడుపుకుని ఇంటికి వెళ్ళేవాడు. జీపు పంపుతానన్నాను. డ్రైవర్ని పెడతానన్నాను. ఒకరోజు షెడ్డులో బల్ల మీద కూర్చుని, దూది అంటించిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అన్నాడు:

"నా బతుకంతా ఒకళ్ళు మోసిందే బావా. ఈ కారొచ్చినాకే నాను ఒకళ్ళని ఎక్కించుకుని తీసుకెల్లేను. బండి ఉన్నంత కాలం నా టేషనుకి నానే ఎల్తాను. నిన్ను ఇంకేటీ అడగను. దాన్ని సూసుకో."

చూసుకుంటానన్నాను. ఆ గేరుబాక్సు నా ప్రాణం ఉన్నంత కాలం తిరుగుతుందని కూడా అన్నాను. ఆ మాట ఆయన నమ్మాడని నేను అనుకోను. కానీ తల ఊపాడు.

కాస్త ఓపిక ఉన్న రోజుల్లో సముద్రపు ఒడ్డున పేటకి వెళ్ళేవాడు. పేటలోని మత్స్యకారులు ఆయనకి చిన్నప్పటి స్నేహితులు. అలా వెళ్ళిన ఒక రోజు ఇసుక దారిలో గేరాయిల్ రబ్బరు గొట్టం చిట్లింది. ఆయిలంతా ఇసుకలోకి కారిపోయింది. కారు ఆగిపోయింది. పేటవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? పడవని ఒడ్డుకి లాగే మోకు తెచ్చి కారుకి కట్టారు. పడవ లాగేటప్పటి పాట ఎత్తుకుని, ఆడవాళ్ళు కూడా చెయ్యి వేసి, రోడ్డు దాకా లాగారు. అక్కడొకరి ట్రాక్టరుంటే దానికి కట్టి, పలాస దాకా తెచ్చారు. ఆగిన జీపుని అలాగే తెస్తాం. మా వైపు ఇంకో పద్ధతి ఎవరికీ తెలియదు.

నా షెడ్డు ముందు ట్రాక్టరు ఆగింది. తొట్టిలో పేటవాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర నాకోసం ఒక గంపెడు చేపలు. వెనకాల కారులో స్టీరింగు పట్టుకుని బావ. అందరూ ఊరేగింపు వచ్చినట్టున్నారు.

"మీ బావని సముద్రంలోంచి లాక్కొచ్చినట్టు లాక్కొచ్చేం. ఇంక నువ్వు సూసుకో" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

అందరికీ టీలు చెప్పాను. మాడు వాసన వస్తోంది. పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగ లేని రోజుంటుందా. గాలి ఇటు తిరిగిందిలే అనుకుని టీ తాగాను. కారు దగ్గరికి వెళ్ళగానే నాకు తెలిసిపోయిందని తర్వాత రోజుల్లో చెప్పేవాణ్ణి. తెలియలేదు. రెండో టీ కూడా తాగాను.

సాయంత్రం గొట్టం మార్చి, కొత్త ఆయిల్ పోసి, ఇంజను వేసి, గేరు పుల్ల ముందుకి పెట్టాను. ఇంజను అరిచింది, బండి కదల్లేదు. వెనక్కి పెడితే కదిలింది. ముందుకి, మళ్ళీ లేదు. గేరుబాక్సు అడుగున పళ్ళెం విప్పితే నల్లటి పొట్టు, ఆ వాసన. జీడి ఫ్యాక్టరీది కాదది.

బూతుకి వెళ్ళి విశాఖకి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే, "బండి మీ దగ్గరికి ఎలా వచ్చిందండీ?" ట్రాక్టరుతో లాగారన్నాను. ఇంజను ఆగితే ఆయిల్ తోడే పంపు ఆగిపోతుందని, అంత దూరం లాగితే గేరుబాక్సు లోపల ఎండిపోయి తిరిగి కాలిపోతుందని, లారీ మీదకి ఎత్తి తేవలసిందని చెప్పాడు. సామాన్లు కలకత్తాలో దొరకొచ్చేమోనన్నాడు. తర్వాత దొరకలేదన్నాడు.

బావకి చెప్పాను. గొట్టం ఒక్కటే పోయిందని, అక్కడే మార్చి ఉంటే సరిపోయేదని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు కారు వైపే చూశాడు.

"పేటోళ్ళకి సెప్పకు బావా."

"సెప్పను."

"నన్ను దిగమన్నేదు, తెలుసా? అంత బరువు లాగుతూ కూడా దిగమన్నేదు. స్టీరింగు నా సేతికే ఒగ్గీసేరు." తర్వాత, "ఎనక్కి ఎల్తందన్నావు కదా?" అన్నాడు.

"ఎల్తంది."

"అయితే ఇంటికి పంపించు."

ఈసారి లారీ మీదకి ఎక్కించి పంపాను. విశాఖ వెళ్ళే రోజుల్లో నేను నా జీపుతో వాళ్ళ ఊరి రోడ్డు మీద ఉండేవాణ్ణి. ఇంటి దగ్గర్నుంచి రోడ్డు దాకా కొబ్బరి తోటల మధ్య దారి. ఆ దారంతా బావ కారుని వెనక్కే నడుపుకుంటూ వచ్చేవాడు, మెడ తిప్పి, ఒక చెయ్యి మా చెల్లెలి సీటు మీద వేసి. కోళ్ళు తప్పుకునేవి. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి నవ్వేవాళ్ళు. "ఏటి బాబూ, ఊరొదల్లేక ఊరొంకే సూసుకుంటా ఎల్తన్నావు?" అని ఒక ముసలమ్మ అడిగితే, "నువ్వు కనపడతావని" అన్నాడు. ముసలమ్మ చాలా రోజులు ఆ మాట చెప్పుకుంది.

రోడ్డు మీద జీపులోకి మారేవాడు. రెండో రోజు తిరిగొచ్చాక, చెట్టు కింద ఆపిన కారులో కూర్చుని, వెనక్కే ఒక చుట్టు తిప్పి, మళ్ళీ వెనక్కే ఇంటికి. ఇంటి ముందు కూడా అలాగే చుట్టు తిప్పి, గోడ వైపు ముఖం పెట్టి ఆపేవాడు. మెడ నొప్పని మా చెల్లెలు రాత్రంతా కాపడం పెట్టేది. ఆ రివర్సు కూడా అరుగుతోందని నాకు తెలుసు. కదలడానికి ప్రతిసారీ కొంచెం ఎక్కువ సేపు పట్టేది. ఏడాది తిరుగుతుందని బావకి చెప్పాను. ఎన్నాళ్ళు తిరుగుతుందో నాకు తెలియదు.

వానాకాలం పోయాక ఒక పొద్దున రోడ్డు మీద ఎంతసేపు చూసినా కారు రాలేదు. తోటలోంచి ఇంజను శబ్దం మాత్రం వస్తోంది. జీపుని లోపలికి తీసుకెళ్ళాను. ఇంటి ముందు కారు అక్కడే ఉంది. బావ మెడ తిప్పి వెనక్కి చూస్తూ ఆక్సిలేటర్ తొక్కుతూనే ఉన్నాడు. పక్కన మా చెల్లెలు ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తోంది. నేను వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాక కూడా ఇంకొంతసేపు తొక్కాడు. తర్వాత తాళం తిప్పేసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. జీపు దాకా తీసుకొచ్చాను. ఎంత తేలికైపోయాడో అప్పుడు తెలిసింది.

జీపులో నా పక్కన కూర్చుని, గేరు రాడ్డు మీద తన చెయ్యి పెట్టాడు.

"క్లచ్చి తొక్కు" అన్నాడు.

"ఏటి?"

"నీ కాలు, నా సెయ్యి. తొక్కు."

తొక్కాను. మొదటి గేరు వేశాడు. బండి కదిలింది. వెనక సీట్లో మా చెల్లెలు సీటు అంచు గట్టిగా పట్టుకుంది. రోడ్డెక్కాక నేను క్లచ్చి తొక్కి "ఊఁ" అనేవాణ్ణి, ఆయన రెండో గేరుకి లాగేవాడు. పళ్ళు రాసుకుని గర్రుమంటే, "నీ కాలు సరిగ్గా నేదు" అనేవాడు. "నీ సెయ్యే తొందర" అనేవాణ్ణి. సుమ్మాదేవి ఊరి వైపు నుంచి వచ్చే లారీ ఎదురైతే ఇద్దరం ఒక్కసారే తడబడి నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళకి "ఊఁ" అనక్కర్లేకపోయింది. ఇంజను శబ్దాన్ని బట్టి నా కాలు పోయేది, దాన్ని బట్టి ఆయన చెయ్యి పోయేది.

ఆ ఏడాదంతా మా బావే జీపు నడిపి స్టేషనుకి వెళ్ళాడని ఇప్పటికీ అందరికీ చెప్తాను. ఏడాది కాదు. ఒక చలికాలం. ఆఖర్న ఆయన చెయ్యి మొదటి గేరుకే వచ్చేది, మిగతావి నేనే మార్చుకునేవాణ్ణి. మారుస్తున్నప్పుడు రాడ్డు మీద ఉన్న ఆయన చేతిని తియ్యమనలేదు, దాని మీదే నా చెయ్యి వేసి మార్చేవాణ్ణి.

ఆయన్ని స్టేషనుకి తీసుకెళ్ళిన ఆ చివరిసారి, ఇంటి ముందు క్లచ్చి తొక్కి ఉంచాను. ఆయన చెయ్యి ఒళ్ళోనే ఉంది. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, తోట వైపు చూస్తున్నాడు. కాలు తియ్యకుండా కొంచెం సేపు చూశాను. వెనక నుంచి మా చెల్లెలు, "అన్నియ్యా, రైలుకి టైమైపోతంది" అంది.

గేరు నేనే వేశాను.