తగ్గలేదని చెప్పిన సాక్ష్యం

మా టీచరమ్మ పోయింది. మంగళవారం పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఒలే, ఈరోజు పనికెల్లకు. మీ టీచరమ్మ ఎల్లిపోయింది," అంది. ఆ తర్వాత ఫోన్ పెట్టెయ్యలేదు. ఫోన్లో వెనకాల రైల్వే యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటున్న చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. టీచరమ్మ పోతుందని మాకందరికీ తెలుసు. ఆమే అందరి ముందూ నిలబడి చెప్పింది కదా. తెలిస్తే మాత్రం ఏం లాభం? గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

బెంగాల్లో ఈ సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో పెరిగిన మా ఈడు తెలుగు పిల్లలకు బళ్ళో బెంగాలీ, వీధిలో హిందీ, అన్నం దగ్గర తెలుగు. తెలుగులో తిట్టుకోవడం వచ్చు గానీ చదవడం రాదు. ఆదివారం ఆరాధనకు ముందు సండే స్కూల్లో బైబిలు వచనాలు నేర్పే మిషతో ఆమె మా అందరి చేతా అఆలు దిద్దించింది. "దేవుడికి అన్ని బాసలూ వచ్చు. మీ అమ్మమ్మకి రావు. అందుకని నేర్చుకోవాల," అనేది. సుద్దముక్క ఎప్పుడూ కొంగున ముడి వేసి ఉండేది. పాట ఎత్తుకుంటే హార్మోనియం ఆమె వెనక పరిగెత్తాల్సిందే, అయినా ఏనాడూ ఆమె శ్రుతిని అందుకోలేదు. పాఠం అయ్యాక మురీలో, అంటే మరమరాల్లో, బెంగాలీలు కలిపినట్టు ఆవనూనె కలపకుండా, కందిపొడీ నెయ్యీ కలిపి మాకు పెట్టేది.

విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్ళయి ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా బెంగాలీ ఆమెకు లొంగలేదు. చేపలవాడితో తెలుగులో బేరమాడేది, వాడు బెంగాలీలో ఒట్లు పెట్టుకునేవాడు, చివరికి చేప మాత్రం సరైన ధరకే ఇంటికొచ్చేది. ఆమె భర్త రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ని గార్డు గారనే అంటుంది. వాళ్ళకు పిల్లల్లేరు. మేమంతా ఆమె పిల్లలమే అని రాయబోయి ఆగాను. ఎవరైనా ఆ మాటంటే ఆమెకు నచ్చేది కాదు. "ఈల్లకి అమ్మలున్నారు కదేటి. నేను టీచర్ని," అనేది.

కొన్నేళ్ళ కిందట ఆమె రొమ్ములో గడ్డ కనబడింది. నది అవతల పెద్దాసుపత్రిలో పేరున్న డాక్టరు ఆపరేషన్ చేశాడు. మందులెక్కించారు, జుట్టంతా రాలింది, మళ్ళీ మొలిచింది. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఇక మా చర్చి సంఘం ఊరుకుంటుందా?

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. జబ్బు తగ్గినవాళ్ళు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడతారు. పాస్టరు గారు వస్తారు, కోడికూర వండుతారు, తగ్గినవాళ్ళు లేచి నిలబడి దేవుడు తమకేం చేశాడో అందరికీ చెబుతారు. దాన్నే సాక్ష్యం అంటాం. టీచరమ్మ సాక్ష్యం చెప్పిన రోజు క్వార్టరులో నిలబడడానికి చోటు లేదు. దేవుడు ఆ డాక్టరు చేతుల్ని తన చేతులుగా వాడుకున్నాడని చెబుతూ ఆమె ఏడ్చింది, మేమూ ఏడ్చాం. ఆ సాక్ష్యం ఆ ఇంట్లో ఆగలేదు. టికియాపారా సంఘం వాళ్ళు పిలిచారు, మెటియాబ్రుజ్‌లో ఓడరేవు దగ్గరుండే తెలుగువాళ్ళు పిలిచారు. ఎక్కడ ఎవరికి జబ్బు చేసినా "మా టీచరమ్మని చూడండి" అనడం అలవాటైపోయింది. బతికుండగానే ఆమెను ఒక వచనం చేసేశాం.

ఆ మరుసటి వర్షాకాలంలో ఆమెకు నడుం నొప్పి మొదలైంది.

సంఘంలో ఎవరికీ చెప్పలేదు. బోర్డు మీద పైవరుసలో రాయడం మానేసి కింది సగంలోనే రాసేది. పిల్లలు పొట్టివాళ్ళు కదా అనుకున్నాం. ఒక ఆదివారం ప్రార్థనకు అందరం మోకరించాం. ప్రార్థన అయింది, అందరూ లేచారు, ఆమె లేవలేదు. భక్తి ఎక్కువైందనుకుని పక్కావిడ కళ్ళు మూసుకుని మళ్ళీ స్తోత్రం అందుకుంది. నేను వెళ్ళి భుజం కింద చెయ్యి వేస్తే ఆమె ఒళ్ళంతా చెమట.

"ఒలే, ఎవులితోటీ అనకు," అంది చెవిలో.

ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టి నిలదీశాను. నాకు కోపం ముందు, ఏడుపు తర్వాత వస్తాయి. ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించారా అంటే చూపించానంది. ఆయన తలెత్తకుండానే వయసు నొప్పులన్నాడట, కాల్షియం మాత్రలు రాశాడట. ఎప్పుడు వెళ్ళినా ఆయన గార్డు గారితో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. ఈమె పక్కన సామానులాగా కూచుని ఉండేది.

"అయితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాను.

"ఎలగ ఎల్తానే? ఆ డాక్టరు చేతులు దేవుడి చేతులని ఊరూరా సెప్పీసేను. ఇప్పుడు ఆయన్ని ఒదిలీసి ఇంకొకర్ని ఎతుక్కుంటే, మరి నేను సెప్పిందంతా ఏటవ్వాల? తగ్గిందని సాక్ష్యమిచ్చిన నోటితోటి నొప్పని ఎలగ సెప్పను?"

బయటివాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. ప్రాణం మీదికొస్తే మాటదేముందని మీరనొచ్చు. మా మధ్య బతికినవాళ్ళకు తెలుసు, ఆమె ఒక్కత్తి ఒప్పుకుంటే ఎంతమంది ధైర్యం కూలుతుందో. ఆ బరువంతా ఆమె నడుం మీద పెట్టింది మేమే.

అప్పటిదాకా మూలన కుర్చీలో పేపరు చదువుకుంటున్న గార్డు గారు పేపరు మడిచారు. ఆయన ఇంట్లోనే తక్కువ మాట్లాడతారు, చర్చిలో అసలు నోరు విప్పరు. "సిగ్నలు ఎర్రగుంటే బండి ఆపాల. పార్థన సేసుకుంటూ దాటించీస్తే దాన్ని విశ్వాసం అనరు, చార్జిషీటు అంటారు. రేపే ఎల్తన్నాం," అన్నారు.

ఆమె ఒక షరతు పెట్టింది. పాత డాక్టరుకు చెప్పకుండా మానడం దొంగతనంలా ఉంటుందంది. సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని వెళ్ళి, నా చేత బెంగాలీలో చెప్పించింది: అప్పుడు మీరు చేసిన మేలు మరిచిపోను, ఇప్పుడు మరొకరికి చూపించుకుంటాను, పాత రిపోర్టులు ఇప్పించండి అని. ఆయన పొట్లం అందుకుని మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి, లేచి నిలబడి, రిపోర్టులు తెప్పించి ఇచ్చాడు. బయటికొచ్చాక టీచరమ్మ, "పాపం, ఆయనకీ బయ్యమేసినట్టుందే," అంది. నాకు మాత్రం ఆయన మీద జాలి రాలేదు. ఇప్పటికీ రాదు.

కొత్త డాక్టరు ఒక బెంగాలీ ఆవిడ, మా అమ్మ వయసుది. పరీక్షలన్నీ వచ్చాక కుర్చీ బల్ల ఇవతలికి లాక్కుని టీచరమ్మ మోకాళ్ళకు ఎదురుగా కూచుంది. మాషీమా, అంటే పిన్నీ, అని పిలిచి, నెమ్మదిగా, నాకు తెలుగులో చెప్పడానికి వ్యవధి ఇస్తూ మాట్లాడింది. జబ్బు వెన్నెముకలోకి పాకింది. పూర్తిగా పోగొట్టడం నా చేతిలో లేదు, నొప్పి తగ్గించడం, మంచిగా గడిచే రోజులు పెంచడం నా పని అంది. ఆ మాటలు తెలుగులోకి తిప్పుతూ సగంలో తడబడ్డాను. టీచరమ్మ నా చెయ్యి తట్టి, "సరిగ్గానే సెప్తున్నావు, సెప్పు," అంది, వచనం అప్పజెప్పేటప్పుడు తడబడిన పిల్లతో అన్నట్టు.

"మీ సంగతి ఎవరెవరికి తెలుసు, మాషీమా?" అడిగింది డాక్టరు.

"ఈల్లిద్దరికీ," అంది గార్డు గారినీ నన్నూ చూపిస్తూ. "పైన దేవుడికి."

"మంచిదే. దేవుడు మీకు అన్నం వండిపెడతాడా? తలకు నూనె రాస్తాడా? నేనిచ్చే మందుకు నాలుగిళ్ళ మనుషులు కావాలి. వాళ్ళను మీరే పిలుచుకోవాలి."

అది విని టీచరమ్మ నవ్వింది. వర్షాకాలం మొదలయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ ఆదివారం ప్రసంగానికి ముందు పాస్టరు గారు ఎప్పటిలాగే సాక్ష్యాలున్నవారు లేవచ్చన్నారు. ఆమె లేచింది. ముందు బెంచీ వీపు రెండు చేతులతో పట్టుకుంది. అలవాటుగా ఎవరో ముందే స్తోత్రం అనేశారు.

"ఆగండి. అప్పుడు తగ్గిందని సెప్పేను. అప్పుడు తగ్గింది, అది నిజిం. ఇప్పుడు మల్లీ వచ్చింది, ఇదీ నిజిమే. డాక్టర్ని మార్చేను. ఇంక తగ్గదని సెప్పేరు." కాసేపు ఊపిరి తీసుకుంది. "దేవుడి మీద నాకు కోపం లేదు. బయ్యంగా ఉంది. ఇంట్లో ఒక్కర్తినీ ఉండి బయపడలేకపోతన్నాను. మీరొచ్చి నాతో కూకోండి."

మా సంఘపెద్ద ఒకాయన లేచి, "అలగనకూడదమ్మా. నోటితో తగ్గదంటే తగ్గదు. విశ్వాసంలో ఎక్కడో లోపముంది," అన్నాడు. పాస్టరు గారు తల వంచుకున్నారు. ఆయనా మనిషే. ఈలోగా మా అమ్మ ఆడవాళ్ళ బెంచీలోంచి లేచి, అందరి మోకాళ్ళూ తోసుకుంటూ వెళ్ళి టీచరమ్మ పక్కన కూచుంది. కూచుని పెద్దాయన వైపు తిరిగి, "లోపముంటే ఉండనీండి. నడుం మాత్రం ఈవిడదే కదా, మీది కాదుగదా," అంది. మా అమ్మకు నా కోపమే అంటుకుందని అందరూ అనుకుంటారు. తిరగేసి చూసుకోవాలి.

మా ఆడవాళ్ళ ప్రార్థన కూడిక వారానికో ఇంట్లో జరుగుతుంది. ఆ వారం నుంచి అది టీచరమ్మ ఇంట్లోనే ఆగిపోయింది. మొదట్లో బైబిళ్ళు పట్టుకునే వచ్చారు. తర్వాత్తర్వాత చేపల పులుసు గిన్నెలతో వచ్చారు. ఒకరు తలంటిపోసేవారు, ఒకరు పక్కబట్టలు ఉతికేవారు, పాట పాడమంటే ఆమే ఎత్తుకునేది, మేం ఆ అపశ్రుతినే పట్టుకుని పాడేవాళ్ళం. మందు ఎక్కించాల్సిన రోజున బంద్ వచ్చిపడితే, వీధి చివర పార్టీ ఆఫీసులో ఉండే, అన్న అన్నట్టుగా మేం దాదా అని పిలిచే కార్యకర్త తనే ఆటోలో ముందు కూచుని, ఎర్రజెండా బయటికి పెట్టి, ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాడు. నీకోసం ప్రార్థన చేస్తానని ఆమె అంటే అతను కంగారుపడి తను దేవుణ్ణి నమ్మనన్నాడు. "పరవాలేదు నాయినా, జెండా గట్టిగా పట్టుకో," అంది. అలాగని అందరూ రాలేదు. ఆమె సాక్ష్యాన్ని ఊరంతా మోసినవాళ్ళలో కొందరు ఆ వీధి వైపే రావడం మానేశారు. వాళ్ళ గురించి నేను గొణిగితే, "ఆల్లకి నన్ను సూస్తే బయ్యం. బయపడినోల్లని తిట్టకే," అనేది. నేను తిట్టాను.

ఆమె బెంచీ పట్టుకుని నిలబడిన ఆదివారం తర్వాత చర్చిలో సాక్ష్యాలు మారాయి. ఒకావిడ లేచి, తన కొడుక్కి ఇంకా ఉద్యోగం రాలేదంది. ఒకాయన తాగుడు మానలేకపోతున్నానన్నాడు. అలాంటివాటికి ఏమని బదులు పలకాలో మొదట ఎవరికీ తెలిసేది కాదు. తర్వాత తెలిసింది, పలకనక్కర్లేదని. ఆమెకు చివరి దాకా నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఒంటరిగా ఉన్న రోజు లేదు. పోయిన పొద్దున కూడా మా అమ్మ ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

సమాధి కార్యక్రమం అయిన తర్వాతి ఆదివారం పాస్టరు గారు సాక్ష్యాలున్నాయా అని అడగబోయి ఆగారు. ఆయన అడక్కుండానే మగవాళ్ళ వైపు చివరి బెంచీలో గార్డు గారు లేచారు. ఆయన చర్చిలో మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. "నాకు సాక్ష్యం ఏటీ లేదు. ఒక్కడినీ అన్నం తినలేకపోతన్నాను," అని కూచున్నారు. ఆనాడు విశ్వాసంలో లోపముందన్న ఆ సంఘపెద్ద జేబురుమాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఎవరింట్లో వండింది వాళ్ళు గిన్నెల్లో పట్టుకుని పట్టాల పక్క దారినే బయల్దేరాం. ఆడవాళ్ళ వెనకాల ఆ సంఘపెద్ద, భార్య కట్టిచ్చిన క్యారేజీ అలవాటులేని చేత్తో ఒలకకుండా పట్టుకుని నడుస్తున్నాడు. గార్డు గారు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపల ఆమె మంచం తీసేసిన చోట పొడుగాటి చాప పరిచి, ఎంతమంది వస్తారో తెలియక, ఇంట్లో ఉన్న కంచాలన్నీ వరసగా పెట్టారు.