మూడో గడి

కాలేజీలో పిల్లలు ఆమెకు పెట్టిన పేరు మూడో గడి మేడమ్. బిజినెస్ కోర్సులో చేరిన కొత్తవాళ్ళకు ఏటా నిరుద్యోగం పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద మూడు గళ్ళు గీస్తుంది. పని ఉన్నవాళ్ళు, పని కోసం వెతుకుతున్నవాళ్ళు, రెండూ కానివాళ్ళు. మూడో గడి దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోతుంది. పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్ళకేం తెలుసు.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టకముందు ఆమెది ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో లెక్క తీసే సర్వే ఉద్యోగం. ఎంపికైన ప్రతి ఇంటికీ మూడు నెలలకోసారి చొప్పున నాలుగుసార్లు వెళ్ళి అవే ప్రశ్నలు అడగాలి. అలా వెళ్ళిన ఇళ్ళలో ఒకటి ఫ్యాక్టరీ మూతపడిన ఫిట్టర్‌ది. మొదటి రెండుసార్లు పని కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నానన్నాడు. రెండో గడిలో రాసుకుంది. మూడోసారి వెళ్తే బనీనుతో గుమ్మంలో కూర్చుని పాత స్టవ్ విప్పుతున్నాడు.

"ఈ నాలుగు వారాల్లో పని కోసం వెతికారా?"

"మానేశానమ్మా. ఎక్కడికెళ్ళినా వయసే అడుగుతున్నారు."

ఆమె మూడో గడిలో టిక్కు పెట్టింది. అతను కాగితంలోకి తొంగి చూశాడు. "అంటే ఇప్పుడు నేను నిరుద్యోగిని కాదా?"

సర్వేకి వెళ్ళినవాళ్ళు ప్రశ్న అడగాలి, జవాబు రాసుకోవాలి, నోరు మూసుకుని వచ్చేయాలి. కానీ చదివిన చదువు ఆమెను ఊరుకోనివ్వలేదు.

"కాదండీ. వెతికేవాళ్ళే ఆ లెక్కలోకొస్తారు. మీరిప్పుడు లెక్కలో లేరు."

"బాగుందమ్మా. నాకు పని దొరక్కుండానే దేశంలో ఒక నిరుద్యోగి తగ్గాడన్నమాట."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే అసహ్యం.

నాలుగోసారి వెళ్ళేసరికి భార్య ఒక్కతే ఉంది. విప్పిన స్టవ్ ముక్కలు కిటికీలో అలాగే ఉన్నాయి.

"మీరెళ్ళిన మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. 'నేను లెక్కలో లేనట, పని వెతికొస్తా' అన్నారు. మూడు నెలలైంది. ఇంకా రాలేదు."

ఇంట్లో లేని మనిషి పేరు కొట్టేయాలని నియమం. పెన్ను తీయగానే భార్య కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"కొట్టేయకమ్మా. వెతుకుతున్నారనే రాయి."

అలాగే రాసింది. ఆఫీసులో పై అధికారి "మనిషే లేడు కదమ్మా" అంటూ ఎర్రసిరాతో కొట్టేశాడు. ఆ నెలలోనే ఆమె ఉద్యోగం మానేసింది. మానేస్తే వదిలిందా అంటే, వదల్లేదు. ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ చొక్కాతో ఎవరు ముందు నడుస్తున్నా గబగబా దాటి వెళ్ళి మొహం చూస్తుంది. బోర్డు మీద మూడో గడి గీస్తే చాలు, తలుపు దగ్గర ఎవరో ఆగి తొంగి చూస్తున్నట్టే ఉంటుంది.

ఈ ఏడాది కూడా ఊళ్ళో నూరుమంది ఉన్నారనుకోమని లెక్క చెప్పింది. మొదటి గడిలో అరవై, మూడో గడిలో ముప్పై రాసింది. రెండో గడిలో పదకొండు.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, మొత్తం నూటొకటి వస్తోంది. ఒకరు ఎక్కువయ్యారు."

"తెలుసమ్మా, ఉండనీ," అంది ఆమె తలుపు వైపు చూస్తూ. "ఆయన ఇంకా వెతుకుతున్నారు."