హద్దురాయి అని నేను రాసిన రాయి

కరోనాకు ముందటి ఏడాది. మాదాపూర్‌లో ఒక సన్నరోడ్డు పక్కన వాననీటి కాలువ వేయడానికి సర్వే పని మా చిన్న కంపెనీకి వచ్చింది. నేను సర్వేయర్ని. కాకినాడ నుంచి వచ్చి మణికొండలో స్థిరపడ్డాను. టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రాన్ని మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి, చెట్టో స్తంభమో గోడో ఎక్కడుందో చూసి, ఫీల్డ్ బుక్‌లో పేరుతో సహా రాసుకుంటాను. ఆ పేర్లను బట్టే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో డిజైన్ వాళ్లు తేలుస్తారు.

రోడ్డు మలుపులో హాస్టల్ గోడ పక్కన మోకాలెత్తు రాయొకటి ఉంది. మా వైపు పొలంగట్ల మీద అలాంటివి బోలెడు. 'పాత హద్దురాయి' అని రాసేశాను. అలా రాస్తే తీసేయొచ్చని అర్థం. కాలువ గీత సరిగ్గా దాని మీదుగానే పడింది.

నేల మీద సున్నంతో గీత గుర్తుపెడుతున్న రోజున ఒక పెద్దావిడ నీళ్లసీసాతో వచ్చి ఆ రాయి పక్కన కూర్చుంది. పేరు సత్తెమ్మ, మూసాపేట నుంచి మెట్రోలో వచ్చిందట.

"గీ సున్నం ఏంది సారు?"

"కాలువకండి. ఈ హద్దురాయి తీసేస్తారు."

"హద్దురాయని ఎవలు చెప్పిండ్రు? ఇది బొడ్రాయి. ఊరు కట్టిననాడు నడుమ పాతిన రాయి. ఊరికి బొడ్డు."

పాతికేళ్లుగా ఇక్కడున్నా ఆ మాట వినడం అదే మొదలు. తప్పు నాదని తెలిసేకొద్దీ కోపమొచ్చింది. "ఊరెక్కడుందమ్మా? చుట్టూ ఆఫీసులేగా" అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. చెయ్యి చాపి చూపించింది. "గా కాఫీ దుకాణం కాడ మా ఇల్లు. గా కార్లు పెట్టే జాగల పోచమ్మ గుడి. నలభై ఇండ్లుండె. జాగలు పొయినంక తలోదిక్కు కిరాయిలకు పోయినం. ఏడాదికోపారి అందరం ఈడికొచ్చి నీళ్లు పోస్తం, ఒకల మొకం ఒకలు చూసుకుంటం. ఈ రాయి లేకుంటె ఇగ యాడ కలుస్తం?"

నిజం చెప్పాలంటే అసూయ వేసింది. మా అపార్ట్‌మెంట్‌లో ఎన్నేళ్లున్నా లిఫ్టులో పలకరింపులే. రేపు మేమంతా చెదిరిపోతే ఒకరికోసం ఒకరం వెతుక్కుంటూ వచ్చే చోటంటూ లేదు. అలాంటి చోటు నాకూ కావాలనిపించింది.

మర్నాడు ఆఫీసులో నా తప్పు రాసిచ్చాను. మేనేజర్ మండిపడ్డాడు. "సంతకాలయ్యాక చెప్తావేంటయ్యా? రాయిని నాలుగడుగులు జరిపితే సరిపోయేదానికి?"

"జరిపితే అది బొడ్రాయి కాదండి" అన్నాను.

రెండు ఆదివారాలు కూర్చుని కొత్త అలైన్‌మెంట్, అంటే కాలువ నడిచే దారి, రోడ్డుకు అవతలివైపుగా గీసిచ్చాను. పైవాళ్లు సణుగుతూనే ఒప్పుకున్నారు. అప్పటినుంచి దేనికైనా పేరు రాసేముందు దాన్ని అక్కడివాళ్లు ఏమంటారో అడుగుతున్నాను. కొలత నాది, పేరు వాళ్లది. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు పాతికేళ్ల సర్వీసు పట్టింది.

నీళ్లు పోసే రోజున నన్నూ రమ్మంది సత్తెమ్మ. పాతికమంది వచ్చారు. రాయిని కడిగి పసుపు పూశాక నా దగ్గరికొచ్చింది.

"ఊరి పొలిమేర చుట్టు తిరగాలె సారు. బిల్డింగులొచ్చినంక పొలిమేర యాడుందో ఎరుకైతలేదు. ఇన్నేండ్లు రాయికాడనే ఆగినం. నీ మిషన్ల దొరుకుతదా?"

కొత్త అలైన్‌మెంట్ కోసం తెప్పించిన పాత గ్రామ నక్షా, అదే ఊరి పటం, నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది; దాన్ని కొత్త కొలతల మీద పెట్టి చూస్తే దొరికింది. నేను ముందు, బిందెలతో వాళ్లు వెనక నడిచాం. పొలిమేర ఒక ఆఫీసు పార్కింగ్ గుండా పోతోంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు.

"ఎవర్ని కలవాలండి?"

"ఎవల్ని వద్దు బిడ్డా. మాది ఈ ఊరే" అంది సత్తెమ్మ.

అతను నా వైపు తిరిగాడు. "మీరు సార్?"

సర్వేయర్నని చెప్పబోయాను. ఈలోపే ఆవిడ అంది, "ఆయనది గూడ."